బ్రెడ్డు ప్యాకెట్టుతో వచ్చే సారు

సారు పోయారన్న మెసేజి వచ్చేసరికి నేను ఫోన్లో పదహారు పేర్ల జాబితా టైపు చేసుకుంటున్నాను. కుప్పంలో నేను పనిచేసే ప్రైవేటు స్కూలు బేస్‌బాల్ జట్టు జాబితా అది. ప్రాక్టీసుకు ఇరవై మంది పిల్లలు వస్తారు. పోటీలకు పదహారు మందినే తీసుకుపోవాలి. జాబితాను గ్రూపులో పెట్టేసి, ఫోను సైలెంటు చేసి, బోర్లా పడేసి టీ తాగడానికి పోవడం నా పద్ధతి. పేరు లేని నలుగురు ఏడిస్తే ఏడుస్తారు, వాళ్ళ అమ్మలు ఫోను చేస్తే చేస్తారు. నాకు అంత ఓపిక లేదు. ముప్పై ఏళ్ళకే ఓపిక ఎందుకు అయిపోయిందో నాకే తెలియదు.

మెసేజి పెట్టింది బైరెడ్డిపల్లె వాడు. వాడూ నేనూ ఒకే జట్టులో ఆడాం. నేను కుడిచేత్తో బంతి వేసేవాణ్ణి, వాడు ఎడమచేత్తో. వాడిప్పుడు కుప్పంలోనే కరెంటు లైన్‌మన్. "సారు పోయినాడు. పొద్దున ఐదింటికి. మదనపల్లెలో మధ్యాన్నం మూడింటికి మట్టి చేస్తారంట. వస్తావా?" అని రాశాడు. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇద్దరికీ సారు అంటే ఒక్కరే.

ఆయన మదనపల్లెలో ఒక మిషన్ స్కూల్లో, దానికి ఆనుకొనే ఉన్న జూనియర్ కాలేజీలో డ్రిల్లు మాస్టరు. మిగతా ఊర్లలో డ్రిల్లు మాస్టర్లంటే విజిలూ, బెత్తమూ గుర్తొస్తాయి. మా సారంటే నాకు ఆయన వేళ్ళు గుర్తొస్తాయి. గుండ్రంగా ఏది దొరికినా వదిలేవారు కాదు. బేస్‌బాల్ బంతి పట్టుకున్నట్టు రెండు వేళ్ళు పైన, బొటనవేలు కింద పెట్టి, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసేవారు. ఉల్లిగడ్డ, బత్తాయి, పేపరు వెయిట్, ఏదైనా సరే. మదనపల్లెలో టమోటాలకు కొదవేముంది? సంతలో గంప ముందర నిలబడి ఒక్కొక్కటే తీసి పట్టు చూస్తుంటే అమ్మే ఆమె కాసేపు ఊరుకుని, "కొంటావా సారూ, ఇసిరేస్తావా? ఏదో ఒకటి తొందరగా తేల్సు" అనేది. సారు సిగ్గుపడిపోయి అక్కరకు మించి కొనేసేవారు. ఆయన భార్య మిషన్ ఆసుపత్రిలో నర్సు. మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. "మా ఇంట్లో టమోటా లేని కూర లేదు నాయనా, ఆ పాపమంతా మీ ఆటదే" అని ఆమె మమ్మల్ని తిట్టేది.

మా స్పోర్ట్స్ రూములో విరిగిన క్యారమ్ బోర్డుల వెనకాల ఒక నల్లబల్ల ఉండేది. మధ్యలో నిలువుగా గీత, ఒక పక్క 'పైకి' అని, ఇంకో పక్క 'కిందికి' అని రాసి ఉండేది. అది అమెరికాలో డబ్బులకు ఆడే పెద్ద జట్ల సంగతి. వాళ్ళ సాయంత్రం ఆటలు మనకు తెల్లారేటప్పుడు జరుగుతాయి. పొద్దున ఆరింటికి మేము గ్రౌండుకు చేరేసరికి సారు గోడమీద కూర్చుని, ఫోను కళ్ళకు ఆనించుకుని, ఏ జట్టుకు ఈ పొద్దు ఎవడు బంతి వేస్తున్నాడో, అవతల కొట్టేవాళ్ళు ఎవరో చదువుతుండేవారు. అక్కడ పెద్ద జట్టులో ఇరవై ఆరు మందికే చోటు. ఒకడికి దెబ్బ తగిలితే కింది జట్టునుంచి ఇంకొకణ్ణి పిలుస్తారు. దెబ్బ తగిలినవాడు కోలుకోగానే పిలిచినవాణ్ణి మళ్ళీ కిందికి పంపేస్తారు. ఆ ఎక్కినవాళ్ళ పేర్లూ, దిగినవాళ్ళ పేర్లూ సారు ఏ రోజుకారోజు బల్లమీద రాసేవారు. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన అది చూసి, మీ బడిలో పిల్లలకు ఇలాంటి పేర్లు ఎవరు పెట్టారని హెడ్మాస్టరును అడిగారట.

పేరుమోసిన ఆటగాళ్ళమీద ఆయనకు పెద్ద ధ్యాస ఉండేది కాదు. "వాళ్ళకేమప్పా, బాగానే ఉంటారు" అని తోసేసేవారు. 'కిందికి' అన్న పక్క రాసేటప్పుడు మాత్రం సుద్దముక్క ఆగేది.

"ఈ పిల్లోడు నాలుగు దినాలే ఉండాడప్పా పైన. పెట్టె మొత్తం ఇప్పినాడో లేదో. ఇప్పుడు మళ్ళా సర్దుకోని యాడికో పోతాండాడు. వాళ్ళమ్మకు ఫోన్ చేసి ఏమని చెప్తాడు?"

మాకు నవ్వొచ్చేది. ముక్కూ మొహం తెలియని తెల్లవాడి పెట్టె గురించి మదనపల్లెలో ఒక మనిషి దిగులుపడటం మాకు వింతగా ఉండేది. ఆదివారం చర్చిలో కూడా ఇదే వరస. అందరూ జ్వరాలకూ, పరీక్షలకూ ప్రార్థన చేయమని చీటీ రాసిస్తే, సారు నోరు తిరగని పేర్లు ఐదారు రాసిచ్చేవారు. ఒకసారి పాస్టరుగారు చదవలేక ఆగి, "ఈ సహోదరులు ఏ సంఘం వాళ్ళు సారూ?" అని అందరి ముందూ అడిగారట. సారు లేచి నిలబడి, "మన సంఘం కాదులే అయ్యగారూ. ఈ వారం జట్టులోనుంచి తీసేసినోళ్ళు. పేర్లు దేవునికి తెలుసు, మీరు చదవకున్నా పర్వాలేదు" అన్నారట. ఆ కథ చెప్పేటప్పుడు అమ్మగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేది.

ఆట నడుస్తున్నప్పుడు సారు అరిచేవారు కాదు. బంతి వేసేవాడు తడబడితే ఆట ఆపమని అడిగి, నిదానంగా వాడు నిలబడ్డ మట్టిదిబ్బ దగ్గరికి నడిచి వచ్చేవారు. చూసేవాళ్ళు ఏదో గొప్ప ఉపాయం చెబుతున్నారనుకునేవాళ్ళు. "ఈ పొద్దు మీ ఇంట్లో ఏం చేసినారప్పా?" అని అడిగేవారంతే. నేను సంగటీ, చెనిగ్గింజల ఊరుబిండీ అని చెప్పేవాణ్ణి. "బాగుండాదా?" అనేవారు. బాగుంది సార్ అనేవాణ్ణి. "సరే, ఎయ్యి" అని వెనక్కి పోయేవారు. ఎందుకో తెలియదుగానీ తరువాతి బంతి సరిగ్గా పడేది. నేనిప్పుడు మా పిల్లల దగ్గర ఇదే చేసి చూశాను. ఒకడు నూడుల్స్ అన్నాడు, నాకు ఇంకేం మాట్లాడాలో తోచలేదు.

అన్నిటికంటే పెద్ద విషయం బ్రెడ్డు ప్యాకెట్టు. సారు జాబితాను గోడకు అంటించేవారు కాదు. పేరు లేని పిల్లవాడి ఇంటికి తానే పోయేవారు. ఆదివారం చర్చి అయిపోగానే, ఆసుపత్రిలో రోగిని చూడటానికి పోయేవాళ్ళ మాదిరి ఒక బ్రెడ్డు ప్యాకెట్టు కొనుక్కుని బస్సెక్కేవారు. పుంగనూరో, గంగవరమో, అక్కడినుంచి ఇంకో మూడు మైళ్ళు నడవాల్సిన ఏ పల్లెటూరో, కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగేవారు. ఆ ఇంట్లో కూర్చుని, వాళ్ళు పెట్టింది తిని, తల్లిదండ్రుల ముందర ఆ పిల్లవాడి కళ్ళలోకి చూసి, నిన్ను తీసేసినానప్పా, కారణం ఇదీ అని చెప్పేవారు. మా ఊర్లలో మాలాంటి కూలోళ్ళ ఇండ్లకు మాస్టర్లు రావడమే తక్కువ. ఇక కారణం చెప్పడానికి వచ్చేవాళ్ళు ఎవరుంటారు? జట్టులో మాకు ఇదొక మాట అయిపోయింది. ఎవడి పేరైనా పోతే, "వానింటికి బ్రెడ్డొచ్చిందిరా" అనుకునేవాళ్ళం.

మా ఇంటికి బ్రెడ్డొచ్చింది నా ఇంటరు రెండో సంవత్సరంలో.

అప్పటికి నేను జట్టులో అందరికంటే బాగా బంతి వేసేవాణ్ణి. గొప్పకు చెప్పడం లేదు, సారే అనేవారు. పుంగనూరునుంచి రోజూ తెల్లారేలోపు బస్సెక్కి వచ్చేవాణ్ణి. మా నాన్న బెంగళూరులో సెంట్రింగు పనికి పోయేవాడు, అమ్మ టమోటా తోటల్లో కూలి. ఆ సంవత్సరం జిల్లా పోటీలు గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోతాం. రాష్ట్రంలో ఆడినట్టు సర్టిఫికెట్టు ఉంటే ఆటల కోటాలో వ్యాయామ విద్య కాలేజీలో సీటు వస్తుంది. మాకు ఇంకో దారి లేదు. నాకు తెలుసు, అమ్మకు తెలుసు, సారుకు ఇంకా బాగా తెలుసు.

శనివారం సెమీఫైనల్స్‌లో కలకడ వాళ్ళతో ఆట. గెలిస్తే ఆదివారం ఫైనల్. ఒక రోజు బంతి వేసినవాడు మర్నాడు వేయకూడదనేది సారు నియమం. చేయి పాడైపోతుందని ఆ విషయంలో చాలా గట్టిగా ఉండేవారు. కాబట్టి నన్ను ఏ రోజుకు వాడాలి, బైరెడ్డిపల్లె వాణ్ణి ఏ రోజుకు వాడాలి అనేదే ప్రశ్న. "ఎవునికి ఎవుడు? ఇదేనప్పా ఆటంటే" అనేవారు సారు. అమెరికాలో జట్లన్నీ అదే చూసుకుంటాయట. ఎడమచేత్తో వేసేవాడి బంతిని ఎడమవైపు తిరిగి కొట్టేవాడు సరిగ్గా కొట్టలేడని వాళ్ళ లెక్క.

ఆ వారం సారు చెప్పాపెట్టకుండా బస్సెక్కి కలకడకు పోయారు. వాళ్ళు ప్రాక్టీసు చేస్తుంటే రోడ్డుమీద టీ అంగడి బెంచీమీద కూర్చుని గంటసేపు చూశారు. తొమ్మిదిమందిలో ఏడుగురు ఎడమవైపు తిరిగి నిలబడి కొడుతున్నారు. సారు ఆనందానికి హద్దు లేదు. తిరిగొచ్చి కాగితం మీద పేర్లు రాసి, గీతలు గీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు. శుక్రవారం సాయంత్రం బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

అమ్మ అప్పుడే తోటనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ప్యాకెట్టు చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. సారు చాపమీద కూర్చుని, పళ్ళెంలో అమ్మ పెట్టిన ఉడకేసిన చెనక్కాయలను రెండు వరసలుగా పేర్చి, ఇవి కలకడ పిల్లోళ్ళమ్మా, ఇది మనవాడు అని, అమ్మే జట్టుకు యజమాని అయినట్టు ఆమెకు అంతా విడమరిచి చెప్పారు.

"రేపు నీ కొడుకుతో వేయించనమ్మా. బైరెడ్డిపల్లె పిల్లోడు ఏస్తాడు. నీ కొడుకును ఎల్లుండి ఫైనల్‌కు దాచుకుంటాండాను."

"అందరికంటే మావోడే బాగా ఏస్తాడంటారే సారూ?" అంది అమ్మ.

"అవునమ్మా. అందుకే దాచుకుంటాండాను. అందుకే వచ్చి చెప్తాండాను."

"నాకు తెల్దు సారూ. నువ్వు సూస్కో. వాని బతుకంతా దాంట్లోనే ఉండాది."

"చూస్కుంటానమ్మా" అన్నారు సారు. సంగటి తిని, చేయి కడుక్కుని, బస్సుకు పోయారు.

మర్నాడు మదనపల్లె గ్రౌండులో కలకడ వాళ్ళు కొట్టడానికి వచ్చారు. మొదటివాడు కుడివైపు నిలబడ్డాడు. రెండోవాడు కుడివైపు. మూడోవాడూ అంతే. సారు జేబులోనుంచి కాగితం తీసి చూశారు, మడిచి పెట్టారు, మళ్ళీ తీశారు. అంపైరు దగ్గరికి పోయి వాళ్ళు జట్టు మార్చారా అని అడిగారు. ఎవరినీ మార్చలేదు, అదే పిల్లలు. అసలు సంగతి వాళ్ళ మాస్టరు తరువాత చెప్పాడు. "మా గ్రౌండు పక్కన టమోటా తోట ఉండాది సార్. కుడివైపు నిలబడి కొడితే బంతులన్నీ దాంట్లోకే పోతాయి. చెట్లకు నాటిన కట్టెలిరిగితే రైతు తన్నేదానికొస్తాడు. అందుకని ప్రాక్టీసులో అందరినీ తిప్పి నిలబెడతాం. ఆటలో యాల అట్ల నిలబడతారు?"

బైరెడ్డిపల్లె వాణ్ణి వాళ్ళు చితకబాదేశారు. నేను బెంచీమీద చేయి విదిలించుకుంటూ సారు వైపు చూస్తున్నాను. నన్ను దింపితే మర్నాడు ఫైనల్‌కు నేను ఉండను. దింపకపోతే ఫైనలే ఉండదు. సారు ప్రతి ఒక్కడికీ, "ఇంకొక్కడప్పా, ఇంకొక్కణ్ణి చూద్దాం" అన్నారు. ఆ ఇంకొక్కడు, ఇంకొక్కడు అంటుండగానే తొమ్మిది పరుగులు పోయాయి. అప్పుడు నన్ను పిలిచారు. నేను మిగిలిన ఆటంతా వేశాను. నా బంతికి వాళ్ళు ఒక్క పరుగు కూడా తీయలేదు. దానివల్ల ఒరిగిందేమీ లేదు. మేము రెండు పరుగుల తేడాతో ఓడిపోయాం.

ఆట అయ్యాక సారు నా దగ్గరికి వస్తుంటే నేను సంచీ తీసుకుని బస్టాండుకు వెళ్ళిపోయాను.

సీటు రాలేదు. రెండేళ్ళు టమోటా మండీలో క్రేట్లు మోశాను. తరువాత ఎలాగో ఒక చిన్న కోర్సు చేసి ఈ ప్రైవేటు ఉద్యోగంలో పడ్డాను. సర్టిఫికెట్టు వచ్చి ఉంటే నా బతుకు బంగారమయ్యేదా అంటే ఏమో, నాకు తెలియదు. కోటాలో సీటు వచ్చినవాళ్ళు కూడా నాలాగే జీతం కోసం నెల చివర దాకా ఎదురు చూస్తున్నారు. కానీ పదిహేడేళ్ళ వయసులో ఈ లెక్కలు తలకెక్కవు. ఆ మనిషి ఫోన్లో చూసిన అమెరికా ఆట నామీద ఆడాడని మాత్రం బలంగా పట్టుకున్నాను.

ఓడిపోయిన మర్నాడే సారు మా ఇంటికొచ్చారు. ఈసారి చేతిలో ఏమీ లేదు. నేను లోపలిగదిలో గోడవైపు తిరిగి పడుకున్నాను. తలుపు వారగా వేసి ఉంది, అంతా వినిపిస్తోంది.

"తప్పు నాదమ్మా. వాడు కాదు, ఆ బైరెడ్డిపల్లె పిల్లోడూ కాదు. నేనే చూసుకోలేకపోయినాను. ఆ మాట వానితో చెప్పిపోదామని వచ్చినాను."

అమ్మ వచ్చి నా భుజం కదిపింది. నేను లేవలేదు. సారు ఇంకో అరగంట కూర్చుని వెళ్ళిపోయారు.

మరుసటి సంవత్సరం జిల్లా పోటీలు అయిపోయిన తరువాతి ఆదివారం మళ్ళీ వచ్చారు. నేను మండీలో ఉన్నాను. ఆ మరుసటేడు మా వీధి మలుపులో ఆయన నడిచి రావడం చూసి నేను పక్క సందులోకి తిరిగి, చీకటి పడేదాకా ఇంటికి పోలేదు. నాలుగో ఏడు వచ్చినప్పుడు నేను కోర్సు కోసం తిరుపతిలో ఉన్నాను, అమ్మ ఫోనులో చెప్పింది. ఒక మాస్టరు తన దగ్గర చదివిన కుర్రవాడికి క్షమించమని చెప్పడానికి ఏటా బస్సెక్కి రావడం నేను ఎక్కడా వినలేదు. విననందువల్ల నా మనసేమీ కరగలేదు. రానీ, ఇంకా రానీ అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆయన వస్తున్నన్నాళ్ళూ నాకు ఒక విధంగా బాగుండేది.

ఐదో ఏడు ఆ ఆదివారం నేను ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే ఉన్నాను. సారు రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. అంతేనా, నాలుగుసార్లు తిరిగి అలిసిపోయాడా అనుకున్నాను. ఓడిపోయినప్పటికంటే అప్పుడు ఎక్కువ కోపం వచ్చింది. నేను క్షమించను అని ఆయన ముఖంమీద అనే అవకాశం కూడా లేకుండా పోయింది. మరి అదే కదా నేను నాలుగేళ్ళుగా తప్పించుకుంటున్నది అంటే, అవును, అదే.

చివరిసారి ఆయన్ను చూసింది రెండేళ్ళ కిందట. పుంగనూరు బస్టాండులో నేను బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన రిటైరైపోయి, బాగా చిక్కిపోయి, చొక్కా వేలాడుతూ ఉన్నారు. నన్ను చూడగానే ముఖం వికసించింది. జనాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చి, కమ్మీ పట్టుకుని, నిన్ననే కలిసి విడిపోయినట్టు మాట్లాడారు.

"చూసినావాప్పా? ముప్పై ఏడేండ్లోడిని మళ్ళా పైకి పిలిసినారు! ఎనిమిదేండ్లు కిందనే ఉండాడంట. ఈ పొద్దు వాడే ఏస్తాండాడు."

"ఊఁ" అన్నాను.

"నీ చెయ్యి ఎట్లుండాది? నొప్పేమన్నా ఉండాదా?"

"బాగుంది సార్" అని ఫోనులోకి తల దించేశాను. బస్సు కదిలింది. ఆయన చేయి ఊపుతూ నిలబడ్డారు. నా బతుకు పాడుచేసి ఇంత హాయిగా ఎలా నవ్వగలుగుతున్నాడీయన అని పలమనేరు దాకా పళ్ళు కొరుక్కున్నాను.

మట్టికి బైరెడ్డిపల్లె వాడూ నేనూ బస్సులోనే పోయాం. దారిలో వాడు చెప్పాడు, ఓడిపోయిన తరువాత సారు వాళ్ళింటికీ పోయారట. "నేను సారును పట్టుకోని ఏడ్సేసినాను రా. ఆయన గూడా ఏడ్సినాడు. ఇంగ అయిపొయింది. నీకేమన్నా సెప్పినాడా?" అన్నాడు. నేను కిటికీవైపు తిరిగి, చెప్పాడులే అన్నాను.

సమాధుల తోటలో చాలామందే ఉన్నారు. రాష్ట్రానికి ఆడి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో కనిపించారు. మిగతావాళ్ళు ఆటో నడిపేవాళ్ళు, అంగళ్ళలో పనిచేసేవాళ్ళు, ఒక పంచాయతీ ఆఫీసు గుమాస్తా. పలకరిస్తుంటే తెలిసింది, దాదాపు అందరూ ఇంటికి బ్రెడ్డొచ్చినవాళ్ళే. పాట అయిపోయాక తలా పిడికెడు మన్ను వేశాం. నేనూ వేశాను. ఏడుపు రాలేదు. బాగా అలిసిపోయినట్టు అనిపించిందంతే.

అమ్మగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరి చేయి పట్టుకుని పంపుతోంది. నా వంతు వచ్చింది. పేరు చెప్పాను. ఆమె నా చేయి వదల్లేదు.

"పుంగనూరు పిల్లోడివి కదా నువ్వు. సారు నీ గురించి సెప్పని దినం లేదు నాయనా. నాలుగేండ్లు నిద్రలేదు ఆయనకు. నువ్వు క్షమించినావని తెలిసిన ఆ పొద్దు ఇంటికొచ్చి సిన్నపిల్లోని మాదిరి ఎగిరినాడు. దేవుడు నిన్ను సల్లగా సూడాల."

నేను క్షమించలేదని ఆమెతో అనగలనా? పక్కనే బైరెడ్డిపల్లె వాడు నా మొహంలోకి చూస్తున్నాడు.

"ఔనమ్మా" అన్నాను.

తిరుగు బస్సులో వాణ్ణి కుప్పానికి పొమ్మని నేను పుంగనూరులో దిగిపోయాను. అమ్మ ఇప్పుడు కూలికి పోవడం లేదు, అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను స్నానం కూడా చేయకుండా ఎదురుగా నిలబడి అడిగాను.

"సారుకు నువ్వేం చెప్పావు?"

అమ్మ తల ఎత్తలేదు. ఏ సారు, ఎప్పుడు అని అడగలేదు.

"నువ్వు తిరుపతిలో ఉన్నెప్పుడు వచ్చినాడు కదా, అప్పుడు సెప్పినా. మావోడు మర్సిపోయినాడు సారూ, నీమింద వానికి ఏమీ లేదు, నీ ఎదురుగా వచ్చి సెప్పేదానికి సిగ్గుపడతాండాడు, నన్ను సెప్పమన్నాడు అని సెప్పినా."

"నేను చెప్పమన్నానా?"

"లేదు."

నాకు ఒళ్ళు మండింది. అది నా మాట. ఇచ్చేదీ ఇవ్వనిదీ నేను తేల్చుకోవాలి. ఆయన పోయేదాకా నా దగ్గరే ఉందనుకున్నది పదేళ్ళ కిందటే నా చేతిలోనుంచి పోయింది. బస్టాండులో ఆ మనిషి అంత సంతోషంగా కిటికీ దగ్గరికి వచ్చింది నా దగ్గరికి కాదు, అమ్మ చెప్పిన ఇంకొక కుర్రవాడి దగ్గరికి. ఆ కుర్రవాడు నాకంటే మంచివాడు. నా తరపున చెప్పడానికి నువ్వెవరు అని వీధంతా వినపడేలా అరిచాను. నేనే చెప్పేవాణ్ణి కదా, ఇవాళ కాకపోతే రేపు చెప్పేవాణ్ణి కదా అన్నాను. అంటున్నప్పుడే ఏడుపొచ్చేసింది.

అమ్మ చేట పక్కన పెట్టింది. నేను అరవడం అయ్యేదాకా ఆగింది.

"నాలుగు తూర్లు వచ్చినాడు రా. వచ్చినప్పుడల్లా ఆ సాపమింద తలొంచుకోని కూసోని, నీళ్ళు గూడా ముట్టకుండా పొయ్యేవాడు. నేను ఆ మాట సెప్పినాక సంగటి అడిగి పెట్టించుకోని తిన్నాడు" అంది. తరువాత నా వైపు చూసి, "నువ్వు సెప్పేవోడివి కాదు నాయనా, నాకు తెల్దా? ఆ మనిషి ఇంగెన్ని తూర్లు బస్సెక్కల్ల?" అంది.